బొమ్మల సినిమాకి ఏడుపెందుకు?

ఎదిగిన ఆడపిల్ల గదిలో కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఏ తల్లికైనా గుండె జారిపోతుంది. మీకైనా అంతే, నాకైనా అంతే. 2023 డిసెంబరులో ఒక సాయంత్రం మా ఇంట్లో అదే జరిగింది. పొయ్యి మీద పప్పుచారు మరుగుతోంది. పోపు గరిట నా చేతిలో ఉంది. లోపలి గదిలోంచి ఏడుపు వినపడింది. పదో తరగతి పిల్ల, పరీక్షలు దగ్గర పడుతున్నాయి. మార్కులు తగ్గాయా, స్కూల్లో ఎవరైనా ఏమైనా అన్నారా, ఇంకేమైనానా? ఒక్క నిమిషంలో నా బుర్రలోకి రాని ఆలోచన లేదు. స్టవ్వు ఆర్పేసి పరుగెత్తాను.

చూద్దును కదా, మా అమ్మాయి లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. తెర మీద బొమ్మలు! "ఏమయిందే తల్లీ?" అంటే తెరకేసి చెయ్యి చూపించి మళ్ళీ ఏడుపు.

అప్పటిదాకా ఉన్న భయం పోయి నాకు ఒళ్ళు మండిపోయింది. "బొమ్మల సినిమాకి ఏడుపెందుకే? మొన్న అమ్మమ్మ పోయినప్పుడు నీ కంట్లోంచి చుక్క నీళ్ళు రాలేదు గానీ" అనేశాను.

మా అమ్మ పోయి అప్పటికి నాలుగు నెలలు. నా దుఃఖం నాకుంది, అందుకే నోరు జారింది. కానీ జారిన మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పిల్ల కళ్ళు తుడుచుకుంది, లాప్‌టాప్ మూసేసింది. మాట్లాడకుండా పప్పుచారన్నం తిని లేచిపోయింది. ఆ రోజు నుంచి ఏం చూసినా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునే చూడ్డం మొదలుపెట్టింది. ఏడ్చిందో నవ్విందో నాకు తెలిసేది కాదు. ఇంట్లో గొడవ తగ్గిందని మావారు సంతోషించారు. నాకు మాత్రం ఏదో తలుపు మూసుకుపోయినట్టుగా ఉండేది.

మనమూ చూసినవాళ్ళమే!

జపాన్ వాళ్ళు తీసే బొమ్మల సినిమాలనీ, సీరియళ్ళనీ అనిమే అంటారు. ఇప్పటి పిల్లలకి అదొక పెద్ద ప్రపంచం. "ఇదెక్కడి పిచ్చి" అని విసుక్కునేముందు ఒక్కసారి గుర్తు చేసుకోండి. 1993 ప్రాంతంలో ఆదివారం పొద్దున్నే తలంటుకుని, జుట్టు ఆరకుండానే దూరదర్శన్ ముందు కూర్చుని చూసిన 'జంగిల్ బుక్' మోగ్లీ ఉన్నాడే, ఆ సీరియల్ జపాన్‌లో తయారైన అనిమేనేట! ఈ మాట మా అమ్మాయి చెప్పేదాకా నాకు తెలీదు. ముప్ఫై ఏళ్ళ క్రితమే మనం అనిమే చూశాం, పేరు తెలియక చూశాం, అంతే తేడా.

ఆ రోజు పిల్లని అంతగా ఏడిపించిన సినిమా పేరు 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్'. అంటే మిణుగురుల సమాధి. 1988లో ఇసావో తకహాతా అనే దర్శకుడు తీశాడు. 1945లో యుద్ధం చివరి రోజుల్లో కోబే నగరం మీద బాంబులు పడి తల్లిని పోగొట్టుకున్న ఇద్దరు పిల్లల కథ. అన్నకి పధ్నాలుగేళ్ళు, చెల్లెలికి నాలుగు. ఆ కథ రాసిన అకియుకి నొసాకా చిన్నతనంలో తన చెల్లెల్ని అలాగే ఆకలికి పోగొట్టుకున్నాడట. ఇందులో రాక్షసులు లేరు, కత్తియుద్ధాలు లేవు. ఉన్నదల్లా ఆకలి, ఒక అన్న, ఒక చెల్లెలు.

ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నాను. ముందు తెలుసుకున్నది ఒక దొంగపని వల్ల.

నోట్ బుక్కులో ఒక పేజీ

చెప్పడానికి సిగ్గుగానే ఉంది. మా అమ్మాయికి ఒక పాత లాంగ్ నోట్ బుక్కు ఉంది. ఏ సినిమా చూసినా, పాటల నాటకం చూసినా అందులో రాసుకుంటుంది. ఒకరోజు అది స్కూలుకి వెళ్ళాక మంచం సర్దుతుంటే దిండు కింద దొరికింది. తియ్యకూడదనుకుంటూనే తీశాను. ఒక్కటే పేజీ చదివాను.

ఆ సినిమాలో చిన్నపిల్ల దగ్గర పళ్ళ రుచుల బిళ్ళలుండే రేకు డబ్బా ఒకటుంటుంది. బిళ్ళలు అయిపోతే అన్న అందులో నీళ్ళు పోసి, ఊపి తాగిస్తాడు. దాని గురించి రాసి, కింద మా పిల్ల ఇలా రాసుకుంది: "అమ్మమ్మ నిమ్మతొనల డబ్బా ఇంకా తెనాలి ఇంట్లో అలమారలోనే ఉంది. అందులో రెండు తొనలు ఉన్నాయి. దినాల రోజున చూశాను. అవి నా కోసం పెట్టినవే. తీసుకోలేదు. తీసుకుంటే అయిపోతాయి కదా."

పుస్తకం మూసి ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఎంతసేపు ఆ మంచం మీద కూర్చుండిపోయానో నాకే తెలీదు. చావింట్లో అందరిముందూ ఏడవలేని పిల్ల, నాలుగు నెలల తర్వాత ఎవరో జపాన్ వాళ్ళు గీసిన రేకు డబ్బా చూసి అమ్మమ్మ కోసం ఏడ్చింది. నేనేమో దాన్ని వెక్కిరించాను. క్షమించమని అడుగుదామంటే దాని పుస్తకం తీశానని చెప్పాలి. నోరు రాలేదు.

పురుడు పొయ్యడానికి వెళ్ళి...

2024 ఏప్రిల్ చివర్లో లండన్‌లో ఉన్న మా చెల్లెలికి నెలలు నిండాయి. అమ్మ ఉంటే అమ్మే వెళ్ళేది. అమ్మ లేదు కాబట్టి పురుడు పొయ్యడానికి నేను బయల్దేరాను. పదో తరగతి పరీక్షలైపోయాయి కనుక పిల్లనీ వెంటబెట్టుకున్నాను. పెట్టెలో కాయం, వాము, ఎండుమిరపకాయలు, ఆవకాయ జాడీ. నాకు విమానం ఎక్కడం అదే మొదలు. పాస్‌పోర్టు కాగితాలు చూసే ఆఫీసరు నా పేరు పిలిస్తే ఎవరినో పిలుస్తున్నారనుకుని అలాగే నిలబడ్డాను. మా అమ్మాయి మోచేత్తో పొడిచి, "అమ్మా, నువ్వే!" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ సంగతి అంతటితో మర్చిపోయాను. అది మర్చిపోలేదని తర్వాత తెలిసింది.

మే మొదట్లో మా చెల్లెలికి పాప పుట్టింది. నెలాఖరున ఒకరోజు మా మరిదిగారు, "అక్కా, పాపని నేను చూసుకుంటాను. మీరిద్దరూ ఒక్క పూట తిరిగి రండి" అని రెండు టిక్కెట్లు చేతిలో పెట్టారు. 'స్పిరిటెడ్ అవే' నాటకం! జపాన్ దర్శకుడు హయావో మియాజాకీ 2001లో తీసిన సినిమా, 2003లో ఆస్కార్ తెచ్చుకుంది. దాన్నే 2022లో టోక్యోలో రంగస్థలం మీదికి ఎక్కించారు. ఆ జపాన్ బృందమే 2024 వేసవిలో లండన్ వచ్చి, కొలీజియం థియేటర్‌లో ఆడింది. మా అమ్మాయి ఎగిరి గంతేసింది. "ఆడేది జపాన్ భాషలో. పైన ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. నువ్వు ముందు సినిమా చూస్తేనే అర్థమవుతుంది" అని, పాపని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఉన్న నాకు రెండు రోజులపాటు కాస్త కాస్తగా సినిమా చూపించి, పక్కన కూర్చుని తెలుగులో చెప్పింది.

కథ చిహిరో అనే పదేళ్ళ పిల్లది. కొత్త ఊరు వెళుతూ దారి తప్పుతారు. ఎవరూ లేని అంగట్లో తల్లీతండ్రీ అడగకుండా తిండి తిని పందులైపోతారు. వాళ్ళని విడిపించుకోవాలంటే దేవతలు వచ్చి స్నానాలు చేసే ఒక పెద్ద స్నానాల ఇంట్లో పిల్ల పనికి చేరాలి. దాని యజమానురాలు యుబాబా అనే మంత్రగత్తె. పని ఇచ్చినందుకు పిల్ల పేరు లాక్కుంటుంది. పేరులో ఒక్క అక్షరం మాత్రం మిగిల్చి 'సెన్' అని పిలుస్తుంది. అంటే వెయ్యి అని అర్థమట. "రోల్ నెంబరుతో పిలిచినట్టన్నమాట" అంది మా అమ్మాయి. అసలు పేరు మర్చిపోతే ఇక అక్కణ్ణించి ఇంటికి దారి తెలీదు. అదీ కథలో మెలిక.

నాకు నచ్చిందేమిటో చెప్పనా? ఆ పిల్ల గెలిచింది మంత్రంతోనో కత్తితోనో కాదు, గచ్చు తుడిచి, తొట్టి కడిగి, చెప్పిన పని చేసి గెలిచింది. ఇంటిపని చేసేవాళ్ళకి ఆ విలువ తెలుస్తుంది!

సురభి గుర్తొచ్చింది

కొలీజియం 1904లో కట్టిన థియేటరు. రెండువేల మూడొందల మందికి పైగా కూర్చోవచ్చు. మావి అన్నిటికంటే పై అంతస్తులో చవక సీట్లు. కిందికి చూస్తే కళ్ళు తిరిగాయి. కానీ నాటకం మొదలయ్యాక ఎక్కడున్నానో మర్చిపోయాను.

బొమ్మల సినిమాలో అయితే ఏదైనా గీయొచ్చు. స్టేజి మీద ఎలా? ఆరు చేతుల ముసలాయన కమాజీ ఉంటాడు. ఆయన చేతులు రెండు, మిగతా చేతుల్ని పక్కన నిలబడ్డ నటులు ఆడించారు. యుబాబాకి కోపమొచ్చినప్పుడు మొహం స్టేజి అంత పెద్దదవుతుంది. కళ్ళొకరు, నోరొకరు, ఒక్కో ముక్క ఒక్కొక్కరు పట్టుకుని వచ్చి నిలబడితే అది మొహమైంది! బొమ్మల్ని ఆడించేవాళ్ళు దాక్కోలేదు. మన ఎదురుగానే ఉన్నారు. అయినా కాసేపటికి వాళ్ళు కనపడరు, బొమ్మే కనపడుతుంది.

"అచ్చం సురభివాళ్ళే!" అన్నాను పైకే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబ నాటక సమాజం కదా మనది. తెనాలిలో చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని చూసిన సురభి 'మాయాబజార్' నాకు కళ్ళకి కట్టింది. ఘటోత్కచుడి మాయలకి మేం నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళం. విరామంలో అదంతా చెబితే మా అమ్మాయి ఐస్‌క్రీం కరిగిపోతున్నా పట్టించుకోకుండా విన్నది. "ఇవన్నీ ఎప్పుడూ చెప్పలేదేమమ్మా?" అంది. నువ్వెప్పుడడిగావే, అనబోయి ఆగాను. నేను మాత్రం ఎప్పుడడిగాను, దాని సంగతులు?

ముద్ద నోట్లో పెట్టుకుని

సగం కథలో ఒకచోట, హాకు అనే కుర్రవాడు పందుల దొడ్డి చూపించి వచ్చాక, చిహిరోకి అన్నపు ముద్దలు ఇస్తాడు. "తిను, బలం వస్తుంది" అన్నట్టుగా. అప్పటిదాకా బింకంగా ఉన్న పిల్ల ఒక ముద్ద కొరికి, నములుతూ నములుతూ భోరుమంటుంది.

అమ్మ పోయిన రోజు సాయంత్రం పక్కింటి పెద్దావిడ ఒకరు పెరుగన్నం కలిపి నా నోట్లో ముద్ద పెట్టారు. పొద్దుట్నుంచి రాని ఏడుపు ఆ ముద్దతో వచ్చింది నాకు. లండన్‌లో ఆ పై అంతస్తులో, భాష తెలియని నాటకం ముందు కూర్చుని అలాగే ఏడ్చాను. ఆగలేదు.

మా అమ్మాయి నన్ను చూసింది. "బొమ్మలాటకి ఏడుపెందుకమ్మా?" అనొచ్చు. అనడానికి దానికి హక్కుంది. అనలేదు. చున్నీ కొంగు నా చేతిలో పెట్టి, మళ్ళీ స్టేజి కేసి తిరిగింది.

ఆ రాత్రి బస్సులో వస్తూ చెప్పేశాను. "ఆ రోజు అమ్మమ్మ గురించి అలా అనకుండా ఉండాల్సింది. తప్పు నాది. ఇంకో తప్పు కూడా చేశాను, నీ పుస్తకం తీశాను" అన్నాను.

"తెలుసు. తలకిందులుగా పెట్టావు" అంది!

అమ్మమ్మ చెప్పిన 'బీదల పాట్లు'

ఆ బస్సులోనే ఒక థియేటరు మీద చిరిగిన గౌనుతో ఉన్న చిన్నపిల్ల బొమ్మ చూపించి, "అది లే మిజరాబ్. 1985 నుంచి లండన్‌లో ఆడుతున్న పాటల నాటకం. దాన్ని డైరెక్ట్ చేసిన ఇద్దరిలో ఒకరైన జాన్ కేర్డే ఇవాళ మనం చూసిన నాటకాన్నీ డైరెక్ట్ చేశారు" అంది మా అమ్మాయి. కథ అడిగాను. రొట్టె దొంగిలించి జైలుకెళ్ళినవాడు, వెండి సామాను ఎత్తుకుపోతే క్షమించి వదిలేసిన ఫాదరీ... వింటూ వింటూ, "ఇది మన బీదల పాట్లు కాదుటే!" అన్నాను. 1950లో నాగయ్యగారు వేశారు, 1972లో నాగేశ్వరరావు వేశారు. రెండింటికీ మూలం విక్టర్ హ్యూగో 1862లో రాసిన ఆ నవలే. నాగయ్యగారి సినిమా గురించి మా అమ్మ కళ్ళొత్తుకుంటూ చెప్పేది. "అమ్మమ్మకి లే మిజరాబ్ తెలుసా!" అని పిల్ల నోరు తెరిచింది. ఇంటికొచ్చాక 2012లో వచ్చిన ఇంగ్లీషు సినిమా ఇద్దరం చూశాం. దాదాపు అన్నీ పాటలే, మాటలు తక్కువ. మన పద్యనాటకం అలవాటున్నవాళ్ళకి అది వింతేం కాదు. వన్స్ మోర్ అనడమే తక్కువ!

ఇంకో ముచ్చట. జపాన్‌లో తకరజుకా అని ఒక నాటక సంస్థ ఉందిట. 1914 నుంచి ప్రదర్శనలిస్తోంది. అందరూ ఆడవాళ్ళే, మగ వేషాలూ వాళ్ళే వేస్తారు. బొమ్మల కథగా వచ్చిన 'రోజ్ ఆఫ్ వెర్సాయ్'ని 1974లోనే నాటకంగా ఆడి పేరు తెచ్చుకున్నారు. మా అమ్మాయి ఇది చెబితే, నేను బాపట్ల స్థానం నరసింహారావుగారి సంగతి చెప్పాను. ఆయన సత్యభామ వేషం కడితే ఆడవాళ్ళే ఆ నడక చూసి నేర్చుకోవాలనుకునేవారట. 1956లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. అక్కడ ఆడవాళ్ళు మగవాళ్ళయ్యారు, ఇక్కడ మగవాడు సత్యభామ అయ్యాడు. దాని దగ్గరున్నది అది చెప్పింది, నా దగ్గరున్నది నేను చెప్పాను. మాటలు తరగలేదు.

ఆ పుస్తకం నా చేతికే ఇచ్చింది

గుంటూరు తిరిగొచ్చిన వారానికి మా అమ్మాయి ఆ నోట్ బుక్కు తనే తెచ్చి, "ఈ పేజీ చదువు. ఇది నీ గురించి" అంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, దాని అనుమతితోనే:

"యుబాబా పేరు లాక్కుంటుంది. మా అమ్మ పేరు ఎవరూ లాక్కోలేదు, కానీ ఎవరూ పిలవరు. నాన్న ఏమోయ్ అంటారు. నాన్నమ్మ అమ్మాయ్ అంటుంది. పిన్ని అక్కా అంటుంది. వీధిలో అందరూ నా పేరు చెప్పి వాళ్ళమ్మ అంటారు. ఎయిర్‌పోర్టులో పేరు పిలిస్తే అమ్మకే తెలియలేదు. అమ్మని పేరు పెట్టి పిలిచేది అమ్మమ్మ ఒక్కతే. ఇప్పుడు అమ్మమ్మ లేదు. చిహిరోకి స్నేహితులిచ్చిన కార్డు మీద తన పేరు కనపడి గుర్తొచ్చింది. అమ్మకి ఎవరు గుర్తు చేస్తారు?"

నేను ఇంటర్ పాసయ్యాక పెళ్ళయింది. నా పేరు ఇంటర్ సర్టిఫికెట్ మీద ఉంది, రేషన్ కార్డు మీద ఉంది, బ్యాంకు పుస్తకం మీద ఉంది. నోటితో పిలిచే పేరుగా అది మా అమ్మతోనే పోయిందన్న సంగతి నాకు తట్టలేదు. పదహారేళ్ళ పిల్లకి తట్టింది. బొమ్మల సినిమా చూసి!

ఎవరినీ తప్పు పట్టడం లేదు. అక్కా అన్నా, అమ్మా అన్నా ఆ పిలుపుల్లో ప్రేమ లేకపోలేదు. కానీ మీరూ ఒకసారి లెక్కేసుకోండి. మిమ్మల్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎంతమంది మిగిలారు?

మీరూ ఇలా చేసి చూడండి

దీంతో మా ఇల్లు స్వర్గమైపోయిందని చెప్పను. పిల్ల మార్కులు పెరిగాయనీ చెప్పను. ఫోను దగ్గర గొడవలు ఇప్పటికీ ఉన్నాయి. అయితే నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి.

అనిమే అంటే అన్నీ చిన్నపిల్లలవే అనుకోకండి. పెద్దవాళ్ళ కోసం తీసినవీ, రక్తపాతం ఉన్నవీ ఉంటాయి. మొదలయ్యేటప్పుడు తెర మీద యు/ఏ 7+, 13+, 16+, ఏ అని వయసు గుర్తు పడుతుంది. చూసి ఒప్పుకోండి. టీవీలో, ఫోనులో తాళం వేసుకునే వీలు కూడా ఉంది.

వారానికి ఒక్కటైనా పక్కన కూర్చుని చూడండి. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్' సినిమా తెలుగులోనూ వస్తే హాల్లో చూశాం. అన్ని కత్తులు నా వల్ల కాలేదు. అదే చెప్పాను. "నువ్వు మధ్యలో నిద్రపోయావు, నీ మాట చెల్లదు" అంది. అంతకుముందు 2025 జనవరిలో, జపాన్ ఆయన యుగో సాకో, మన రామ్‌మోహన్‌గారూ కలిసి ఎప్పుడో 1990ల మొదట్లో తీసిన బొమ్మల రామాయణం తెలుగులో విడుదలైతే మా అత్తయ్యని కూడా తీసుకెళ్ళాం. హనుమంతుడు కనపడగానే ఆవిడ రెండు చేతులూ జోడించారు. బొమ్మల సినిమాలని ఆవిడ మళ్ళీ ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఏడిస్తే ఎందుకని వెక్కిరించకండి. పక్కన కూర్చోండి, కారణం అదే వస్తుంది. దిండు కింద పుస్తకం మాత్రం తియ్యకండి. తీసినా సరిగ్గా పెట్టడం మనకి రాదు!

ఇక ఆ అన్నపు ముద్ద. జపాన్ వాళ్ళు దాన్ని ఒనిగిరి అంటారు. వాళ్ళ బియ్యం జిగురుగా ఉంటుంది. మన సోనా మసూరితో చేస్తే ఒక గ్లాసు బియ్యానికి మామూలుకంటే అరగ్లాసు నీళ్ళు ఎక్కువ పోసి మెత్తగా వండండి. వేడి కాస్త తగ్గాక, చేతులు తడి చేసుకుని ఉప్పు రాసుకుని, మధ్యలో వాళ్ళైతే ఉప్పులో ఊరిన రేగుపండు లాంటిది పెడతారు, మనం మాగాయ ముక్క పెట్టి గట్టిగా అదిమి మూడు మూలలుగా చెయ్యండి. ఆదివారం మా ఇంట్లో సినిమాతోపాటు ఇదే ఫలహారం.

మావారు ఆ పేజీ చదివారు. మర్నాడు కాఫీకి నన్ను పేరు పెట్టి పిలిచారు. పెళ్ళిచూపుల్లో కూడా అంత సిగ్గుపడలేదు ఆయన! ఇప్పుడు అలవాటైంది, రోజుకి ఒక్కసారైనా పిలుస్తారు. తెనాలి ఇంట్లో ఆ నిమ్మతొనల డబ్బా తెచ్చి మా అమ్మాయి బల్ల మీద పెట్టుకుంది. రెండు తొనలూ అలాగే ఉన్నాయి.

ఇన్నాళ్ళూ ఈ పత్రికకి వంటల చిట్కాలు పంపినప్పుడల్లా మావారి పేరు ముందు 'శ్రీమతి' అని రాసి పంపేదాన్ని. ఈసారి నా పేరే వెయ్యమని ఎడిటర్ గారికి రాశాను.